సెకండ్ హ్యాండ్ చైన్ సా: ఒక్కసారి టుప్పుమని మళ్లీ పలకడం లేదు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కొత్తరంపం:
అందరికీ నమస్కారం. మా బాబాయి వాడకుండా షెడ్డులో పడేసిన పెట్రోల్ చైన్ సా ఒకటి నా చేతికొచ్చింది. 50 సీసీ ఇంజిను, చైన్ తిరిగే బార్ 18 అంగుళాలు. నాకు చెట్లు కొట్టే పనేమీ లేదు, ఎండి పడి ఉన్న దుంగల్ని పొయ్యిలోకి సరిపడా ముక్కలు చేసుకుంటే చాలు. ట్యాంకులో మిగిలిన పెట్రోల్ ముదురు రంగుకి తిరిగి వార్నిష్ వాసన కొడుతుంటే మొత్తం తీసేసి, కొత్త పెట్రోల్‌లో 2టి ఆయిల్ 50:1 చొప్పున కలిపి పోశాను. ఎయిర్ ఫిల్టర్ దులిపాను, ప్లగ్ బ్రష్‌తో రుద్దాను.

చోక్ పూర్తిగా వేసి తాడు లాగితే ఒక్కసారి టుప్పుమంటుంది. అంతే. ఆ తర్వాత భుజం పడిపోయేదాకా లాగినా చలనం ఉండదు, ప్లగ్ విప్పి చూస్తే తడిసి ముద్దయి ఉంటుంది. బాబాయిని అడిగితే "పక్కన పెట్టినప్పుడు బాగానే నడిచింది రా" అంటాడు, అందరూ అనేదే. తెలిసినవాళ్లొకరు కార్బురేటర్ పక్కనున్న రెండు స్క్రూలు అటూ ఇటూ తిప్పి చూడమన్నారు. తిప్పమంటారా? రిపేర్ కిట్ (కార్బురేటర్ లోపలి పల్చటి పొరలు, ప్యాకింగులు) కొనాలా, మొత్తం కార్బురేటరే మార్చాలా? చైన్ కూడా మొద్దుబారినట్టే ఉంది కానీ అది తర్వాత చూద్దాం, ముందు ఇంజిను పలికితే కదా.

పాతఇనుము:
స్క్రూల జోలికి ఇప్పుడే వెళ్లకండి. అవి తమంతట తాము తిరగవు, బాబాయి చెప్పినట్టు చివరిసారి బాగానే నడిచిన రంపమైతే అవి ఉన్నచోటే సరిగ్గా ఉన్నాయి. ఇప్పుడు మీరు కదిపారంటే ఉన్న సమస్యకి తోడు ఇంకో సమస్య, రెండిట్లో ఏది ఏదో తెలియదు.

మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. టుప్పుమంది అంటే నిప్పు వస్తోంది, పెట్రోల్ పైదాకా చేరుతోంది, ఎంతో కొంత కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ పుట్టించే ఒత్తిడి) ఉంది. ఆ శబ్దం వచ్చాక కూడా ఫుల్ చోక్‌లోనే లాగుతూ ఉంటే సిలిండర్‌లోకి పెట్రోల్ తప్ప గాలి పోదు, ప్లగ్ తడిసిపోతుంది, ఇక ఎంత లాగినా దండగ. టుప్పుమన్న మరుక్షణం చోక్ సగానికి తేవాలి. కొన్ని మోడళ్లలో లివర్ ఒక మెట్టు కిందికి తెస్తే చోక్ తెరుచుకుని ట్రిగ్గర్ కాస్త నొక్కినట్టుగా ఉండిపోతుంది, దాన్ని హాఫ్ చోక్ అనీ ఫాస్ట్ ఐడిల్ అనీ అంటారు. అక్కడ పెట్టి లాగితే అందుకోవాలి. అందుకోగానే ట్రిగ్గర్ ఒకసారి నొక్కి వదిలితే మామూలు ఐడిల్‌లోకి దిగుతుంది.

ఇప్పుడున్న పెట్రోల్ బయటికి పోవాలంటే స్విచ్ ఆఫ్ చేయండి, ప్లగ్ విప్పండి, చోక్ పూర్తిగా తీసేయండి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని ప్లగ్ రంధ్రం నేలవైపు ఉండేలా రంపాన్ని వంచి తాడు మెల్లగా నాలుగైదుసార్లు లాగండి. లోపల నిలిచిన పెట్రోల్ కారిపోతుంది. దగ్గర్లో బీడీ, పొయ్యి, వెలిగే బల్బు ఏదీ ఉండకూడదు. కాసేపు ఆరనివ్వండి. ప్లగ్ ఆరబెట్టి, వీలైతే కొత్తదే వేయండి. గ్యాప్ 0.5 మిల్లీమీటర్లు.

కానీ ఇదంతా చేసే ముందు ఒక్క పని చేయమని నా సలహా. సైలెన్సర్ విప్పండి. రెండు మూడు బోల్టులే ఉంటాయి. విప్పితే ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి పిస్టన్ కనిపిస్తుంది. తాడు మెల్లగా లాగుతూ టార్చి వేసి చూడండి. పిస్టన్ పక్కభాగం నునుపుగా, మెరుస్తూ ఉంటే మీకు అదృష్టం ఉన్నట్టే. నిలువుగా గీతలు పడి, గరుకుగా, అల్యూమినియం రుద్దుకుపోయినట్టు కనిపిస్తే ఎప్పుడో ఎవరో ఆయిల్ కలపని పెట్రోల్ పోసి నడిపారు, లేదా గాలి ఎక్కువై వేడెక్కి సీజ్ అయింది, అంటే పిస్టన్ సిలిండర్‌కి పట్టేసింది. అలాంటి పిస్టన్ మీద కొత్త కార్బురేటర్ పెట్టడమంటే డబ్బు పొయ్యిలో వేయడమే. సెకండ్ హ్యాండ్ రంపం కొనేవాళ్లు కూడా కొనకముందే ఇది చూడాలి, అమ్మేవాళ్లు సైలెన్సర్ విప్పనివ్వకపోతే అదీ ఒక సమాధానమే అనుకోండి. విప్పినప్పుడే లోపలి జాలీ కూడా చూడండి, మసి పట్టి మూసుకుపోయి ఉంటే ఇంజిను ఊపిరాడక పలకదు, పలికినా బలం ఉండదు.

టూస్ట్రోక్_తాత:
పాతఇనుము గారు చెప్పినవన్నీ సరే గానీ టుప్పుమన్న బండికి సైలెన్సర్ విప్పి చూడ్డం అవసరమా అంటే నాకు అనుమానమే. పాత బోల్టులు మసికి బిగుసుకుపోయి ఉంటాయి, కొత్తవాళ్లు విప్పబోయి తల అరగదీస్తే అదొక తలనొప్పి. ముందు తాడు పరీక్ష చేయమనండి. స్విచ్ ఆఫ్, చైనూ బార్ తీసేసి, స్టార్టర్ పిడి పట్టుకుని రంపాన్ని నేలకి జానెడు ఎత్తులో వేలాడదీయాలి. కంప్రెషన్ ఉన్న ఇంజిను తాడు మీద నిలబడిపోతుంది, లేదా ఆగి ఆగి కిందికి దిగుతుంది. జారినట్టు ఆపకుండా కిందికి వచ్చేస్తే రింగులో సిలిండరో అయిపోయినట్టు. డీకంప్రెషన్ బటన్ ఉన్న మోడల్ అయితే అది నొక్కి ఉండకూడదు, లేకపోతే మంచి ఇంజిను కూడా జారిపోతుంది, బాగున్న రంపాన్ని పాడైందనుకుని తుక్కులో వేసే ప్రమాదం ఉంది.

కంప్రెషన్ కొలిచే గేజ్ ఉంటే ఇంకా మంచిది. ప్లగ్ స్థానంలో బిగించి, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి, సూది ఇక పైకి పోనంతవరకు లాగాలి. 120 పీఎస్ఐ దాటితే పనికొస్తుంది, 150 దగ్గర ఉంటే భేషుగ్గా ఉన్నట్టు, 90 కంటే కిందుంటే కార్బురేటర్ని తిట్టి లాభం లేదు.

నిప్పు చూడాలంటే ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి దాని లోహపు ఒంటిని సిలిండర్ రెక్కలకి ఆనించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకుని తాడు లాగాలి. నీలంగా చిటపటలాడాలి. చేత్తో పట్టుకోవద్దు, రబ్బరు పిడి ఉన్న పట్టకారు వాడండి. నిప్పు లేకపోతే వెంటనే కాయిల్ (ప్లగ్‌కి కరెంటు పంపేది) కొనొద్దు. స్విచ్ నుంచి కాయిల్‌కి వచ్చే సన్న వైరు పీకేసి మళ్లీ లాగండి, ఇప్పుడు నిప్పు వస్తే తప్పు స్విచ్‌లోనో, ఎక్కడో ఒలిచుకుపోయి బాడీకి తగిలే ఆ వైర్లోనో ఉంది. చాలామంది కాయిల్ మార్చాక తెలుసుకునే విషయం ఇది. కాయిల్‌కీ ఫ్లైవీల్ అయస్కాంతానికీ మధ్య సందు 0.3 మిల్లీమీటర్లు ఉంటే చాలు, మామూలు విజిటింగ్ కార్డు ఒకటి మధ్యలో పెట్టి బోల్టులు బిగించి కార్డు లాగేస్తే సరిపోతుంది.

గడ్డపార:
ఇంత తతంగం దేనికి బ్రో. కొత్త కార్బురేటర్ వేసెయ్, ఆన్‌లైన్‌లో చవకగా వస్తున్నాయి. రెండు నట్లు విప్పడం, రెండు బిగించడం. నేను చేసేది అదే.

పాతఇనుము:
గడ్డపార గారూ, ఆ చవక కార్బురేటర్లలో కొన్ని బాగానే పనిచేస్తాయి, కాదనను. కొన్నిట్లో మాత్రం స్క్రూలు ఎలా తిప్పినా ఐడిల్ నిలబడదు. పైగా పెట్రోల్ పైపు చిట్లి ఉంటే ఎన్ని కార్బురేటర్లు మార్చినా రంపం అలాగే ఉంటుంది. ముందు జబ్బేంటో తెలియాలి కదా. తాతగారూ, సైలెన్సర్ విషయంలో నా మాట మీదే ఉంటాను. ఒకసారి టుప్పుమనడానికి 90 పీఎస్ఐ కూడా చాలు, కాబట్టి టుప్పుమంది కదా అని పిస్టన్ బాగున్నట్టు కాదు. మీరన్నట్టు బోల్టులు బిగుసుకుని ఉంటే ముందురోజు తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే సరి.

కొత్తరంపం:
అందరికీ థాంక్స్. తాతగారి తాడు పరీక్షలో రంపం ఆగి ఆగి దిగింది. సైలెన్సర్ కూడా విప్పాను, బోల్టులు మొండికేయలేదు. పిస్టన్ నునుపుగా ఉంది, పై అంచున కాస్త మసి తప్ప గీతల్లేవు. జాలీ మాత్రం దాదాపు మూసుకుపోయింది, వైర్ బ్రష్‌తో గీకి శుభ్రం చేశాను. కొత్త ప్లగ్ వేసి, టుప్పుమనగానే చోక్ సగానికి తెచ్చి లాగితే స్టార్ట్ అయింది! కానీ సంబరం ఎంతోసేపు లేదు. చోక్ కాస్త వేసి ఉంచినంతసేపే నడుస్తుంది, పూర్తిగా తీస్తే ఒక్కసారి గట్టిగా అరిచి ఆగిపోతోంది. ఇప్పుడు స్క్రూలు తిప్పనా?

టూస్ట్రోక్_తాత:
ఇంకా వద్దు నాయనా. చోక్ మీదే నడవడం, తీస్తే ఆగిపోవడం, ఆగేముందు అరవడం, ఈ మూడూ కలిస్తే ఇంజినుకి పెట్రోల్ చాలడం లేదని అర్థం. చాలకపోవడానికి రెండు కారణాలు: పెట్రోల్ వచ్చే దారి మూసుకుపోయి ఉండాలి, లేదా రాకూడని చోట నుంచి గాలి లాగుతూ ఉండాలి. ఇలాంటప్పుడు రంపాన్ని బలవంతంగా నడపొద్దు. టూ స్ట్రోక్ ఇంజినుకి వేరే ఆయిల్ సంపు ఉండదు, పెట్రోల్‌తో పాటు వచ్చే ఆయిలే దానికి దిక్కు. పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, మీరు మెచ్చుకున్న ఆ నున్నటి పిస్టన్ అక్కడే గీతలు పడుతుంది.

ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి. వంచిన తీగతో లోపలి ఫిల్టర్ని మూతలోంచి బయటికి లాగండి. అది నల్లబడి ఉంటే కడగడం కాదు, మార్చేయండి. తర్వాత పైపు. చూడ్డానికి బాగానే ఉంటుంది, ట్యాంకు గోడలోంచి బయటికి వచ్చేచోట వంచి చూస్తేనే పగులు కనపడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఏళ్ల తరబడి నిలవుంటే ఈ రబ్బరు కొన్నిసార్లు గట్టిపడి చిట్లుతుంది, కొన్నిసార్లు మెత్తబడి జిగటగా అవుతుంది. పైపు చివర మూసి రెండో వైపు నుంచి గాలి ఊది నీళ్లలో ముంచితే బుడగలు వస్తాయా రావా తేలిపోతుంది. క్రాంక్ కేసు నుంచి కార్బురేటర్‌కి వచ్చే చిన్న ఇంపల్స్ పైపు కొన్ని మోడళ్లలో ఉంటుంది, దాన్నీ చూడండి. కార్బురేటర్‌లోని పెట్రోల్ పంపు నడిచేది ఆ పైపులో వచ్చే ఒత్తిడి కదలికల మీదే.

ఇక కార్బురేటర్. కిట్ కొనండి చాలు, మొత్తం మార్చక్కర్లేదు. ఒంటి మీద చెక్కిన నంబరు చూసి దానికి సరిపోయేదే కొనాలి, వాల్‌బ్రో, జామా రెండిట్లోనూ ఒకేలా కనపడే మోడళ్లు చాలా ఉంటాయి. విప్పేటప్పుడు ప్రతి పొరకీ ఫోన్లో ఫోటో తీసుకోండి. ఇక్కడే జనం తికమకపడతారు: మీటరింగ్ వైపు (ఇంజినుకి ఎంత పెట్రోల్ పోవాలో చూసే వైపు) ముందు ప్యాకింగ్, దానిమీద డయాఫ్రమ్ (కదిలే పల్చటి పొర) వస్తుంది. పంపు వైపు దానికి తలకిందులు, ముందు డయాఫ్రమ్, దానిమీద ప్యాకింగ్. తిరగేసి పెడితే రంపం నోరే తెరవదు. పాత డయాఫ్రమ్‌ని వేలితో నొక్కి చూడండి, మెత్తగా కదలాలి, ఎండుటాకులా చప్పుడు చేస్తే అది అయిపోయినట్టే. నీడిల్‌ని ఎత్తే చిన్న లివర్ని వంచొద్దు. పాతది ఏ ఎత్తులో ఉందో ఫోటోలో చూసి కొత్తదీ అదే ఎత్తులో ఉండేలా పెట్టండి.

కడగడానికి స్క్రూలు తీయాల్సి వస్తే ముందు ఒక్కొక్కటీ కుడివైపుకి మెత్తగా ఆగేదాకా తిప్పుతూ ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు అన్నే చుట్లు వదులు చేయండి. గట్టిగా బిగిస్తే సూది మొన, దాని సీటు రెండూ పాడవుతాయి. లెక్క తప్పిపోతే రెండూ ఒక్కో చుట్టు వదులు చేసి మొదలుపెట్టొచ్చు, చాలా మోడళ్లు ఆ దగ్గర్లోనే స్టార్ట్ అవుతాయి.

వడ్రంగి_కోడలు:
ఇంత చర్చలో చైన్ బ్రేక్ గురించి ఒక్కరూ ఎత్తలేదేంటి? రంపం నడిచేదాకా వచ్చింది కాబట్టి ఇప్పుడైనా చెప్పుకుందాం. హాఫ్ చోక్‌లో స్టార్ట్ అయితే ట్రిగ్గర్ కాస్త నొక్కి ఉన్నట్టే, ఆ వేగానికి క్లచ్ పట్టేసి చైన్ తిరుగుతుంది. అందుకే తాడు ముట్టుకునే ముందు ముందువైపు అడ్డాన్ని ముందుకి తోసి బ్రేక్ వేయాలి. పాత రంపంలో ఆ బ్రేక్ పనిచేస్తోందో లేదో ముందే చూడాలి: ఇంజిను ఆఫ్‌లో బ్రేక్ వేసి, గ్లవ్స్ తొడుక్కుని చైన్ లాగితే కదలకూడదు. పొట్టూ ఆయిలూ కలిసి లోపల గడ్డకట్టి బ్రేక్ పట్టకపోవడం మామూలే, క్లచ్ కవర్ విప్పి శుభ్రం చేస్తే సరిపోవచ్చు, బ్యాండ్ అరిగిపోతే మార్చాల్సిందే. స్టార్ట్ అయిన వెంటనే ట్రిగ్గర్ నొక్కి వదిలి ఐడిల్‌కి దించి, ఆ తర్వాతే బ్రేక్ తీయాలి. బ్రేక్ వేసి ఉంచి రేస్ చేస్తే క్లచ్ కాలిపోతుంది.

స్టార్ట్ చేసేది నేల మీద పెట్టి. ఎడమ చేయి ముందు పిడి మీద, కుడి కాలి బూటు ముందుభాగం వెనక పిడిలో దూర్చి నొక్కిపెట్టి, కుడి చేత్తో తాడు. మొదట మెల్లగా లాగి పట్టు తగిలాక అక్కడి నుంచి వడిగా లాగాలి, తాడు చివరిదాకా లాగొద్దు, చటుక్కున వదలొద్దు. ఒక చేత్తో రంపం గాల్లో ఊపుతూ ఇంకో చేత్తో తాడు లాగే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. చూడ్డానికి హీరోయిజంలా ఉంటుంది, తొడ మీద చైన్ పడితే తెలుస్తుంది.

ఇంకొన్ని చూడండి: వెనక పిడి పైనున్న లాక్ నొక్కకుండా ట్రిగ్గర్ కదలకూడదు. చైన్ తెగితే పట్టుకోవడానికి కింద ఒక చిన్న కొక్కెం ఉంటుంది, సెకండ్ హ్యాండ్ వాటిలో అది తరచుగా విరిగిపోయి ఉంటుంది. చెప్పులతో, లుంగీతో ఈ పని వద్దు. బూట్లు, కళ్లద్దాలు, చెవులకి మఫ్లు, కాళ్లకి రంపం పట్టని ప్యాంటు. ఇంజిను మోత 100 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క గంటకే చెవులు గుయ్యిమంటాయి. షెడ్డు తలుపులు మూసి అసలు నడపొద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

కొత్తరంపం:
థాంక్స్ అక్కా, బ్రేక్ చూశాను, పడుతోంది, కొక్కెం మాత్రం విరిగే ఉంది, కొత్తది తెప్పించాను. ఇక అసలు విషయం. తాతగారు చెప్పిన చోటే పైపు చిట్లింది, ట్యాంకులోంచి బయటికి వచ్చేచోట, వంచితే తప్ప కనపడనంత సన్నగా. డయాఫ్రమ్ రేకులా గట్టిపడిపోయింది. పైపు, ఫిల్టర్, కిట్ మార్చాను, స్క్రూలు ఉన్న లెక్కలోనే పెట్టాను. ఇప్పుడు చోక్ తీసినా నడుస్తోంది, ట్రిగ్గర్ నొక్కితే వెంటనే అందుకుంటోంది. గడ్డపార గారూ, కార్బురేటర్ మార్చి ఉంటే ఆ పైపు అలాగే ఉండిపోయేదండోయ్.

ఇంకా రెండు మిగిలాయి. ఐడిల్‌లో కూడా చైన్ మెల్లగా తిరుగుతోంది. కొంతసేపు నడిచాక తనంతట తానే ఆగిపోతోంది, కాసేపు వదిలేస్తే మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతుంది. వేడెక్కితే కాయిల్ పోతుందంటారు, అదేనా?

గడ్డపార:
సరే సరే, పైపు విషయంలో ఒప్పుకున్నా 😄 వేడికి ఆగితే కాయిలే బ్రో.

పాతఇనుము:
కాయిల్ కావచ్చు గానీ దానికంటే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ఆగిపోయాక, వేడి కాస్త తగ్గగానే ట్యాంకు మూత మెల్లగా వదులు చేయండి. సుయ్‌మని లోపలికి గాలి పీల్చుకుని, ఆ తర్వాత వెంటనే స్టార్ట్ అయితే ట్యాంకు బ్రీదర్ మూసుకుపోయింది. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, రాకపోతే లోపల వాక్యూమ్ పట్టి పంపు ఎంత లాగినా పెట్రోల్ రాదు. వదిలేస్తే నెమ్మదిగా గాలి చేరుతుంది కాబట్టి మళ్లీ నడుస్తుంది, అందుకే జనం వేడి మీద తోసేస్తారు. వేడిగా ఉన్న ఇంజిను పక్కన మూత తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టండి, కొన్నిసార్లు లోపల ఒత్తిడి ఎక్కువై పెట్రోల్ చిమ్ముతుంది. మూత తీసినా మార్పు లేకపోతే, మళ్లీ ఆగినప్పుడు ఆ క్షణంలోనే ప్లగ్ విప్పి నిప్పు చూడండి, అప్పుడు లేకపోతే కాయిల్ మాట నిజం. చల్లారాక చూస్తే ఉపయోగం లేదు.

చైన్ తిరగడానికి ఐడిల్ ఎక్కువ ఉండడమే మామూలు కారణం. టీ అనో ఎల్ఏ అనో రాసి ఉన్న స్క్రూని ఎడమవైపుకి తిప్పండి, ఇది పెట్రోల్ స్క్రూ కాదు, దీన్ని ధైర్యంగా తిప్పొచ్చు. చైన్ ఆగి, ఇంజిను ఆగకుండా ఉండేచోట వదిలేయండి. చాలా రంపాలకి ఐడిల్ నిమిషానికి 2,500 నుంచి 3,000 చుట్ల మధ్య ఉంటుంది. అంత తగ్గించినా చైన్ తిరుగుతూనే ఉంటే క్లచ్ స్ప్రింగు సాగిపోయిందో తెగిందో చూడాలి. క్లచ్ విప్పాల్సి వస్తే గుర్తుంచుకోండి, దాదాపు అన్నిట్లోనూ ఎడమ మర ఉంటుంది, విప్పడానికి కుడివైపుకే తిప్పాలి. మామూలు నట్టు అనుకుని ఎడమవైపుకి బలం పెడితే ఇంకా బిగుస్తుంది. పిస్టన్ తిరగకుండా ప్లగ్ రంధ్రంలో మెత్తటి తాడు ముక్క కుక్కితే చాలు, ఇనుప ముక్కలు పెట్టొద్దు.

హెచ్ స్క్రూ (ఆ రెండు పెట్రోల్ స్క్రూల్లో ఎక్కువ వేగానికి సంబంధించినది) గురించి కూడా చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. దుంగలో పెట్టకుండా పూర్తిగా రేస్ చేసినప్పుడు శబ్దం కాస్త ముద్దగా, బుడబుడమంటూ ఉండాలి, దుంగలో పెట్టగానే అది శుభ్రమైన మోతగా మారాలి. రేస్ చేసినప్పుడే సన్నగా కీచుమంటే పెట్రోల్ తక్కువ, హెచ్‌ని ఎడమవైపుకి పావు చుట్టు లోపే తిప్పి మళ్లీ వినండి. కోత తొందరగా అవుతుందని కొందరు హెచ్ బిగిస్తారు, వేగం పెరిగినట్టే అనిపిస్తుంది, ఆ తర్వాత సీజ్ అవుతుంది.

కొత్తరంపం:
బ్రీదరే! మూత తీయగానే సుయ్‌మంది, ఆ వెంటనే స్టార్ట్ అయింది. తీసి చూస్తే దుమ్మూ నూనే కలిసి మూసేశాయి, శుభ్రం చేశాక ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. ఐడిల్ తగ్గిస్తే చైన్ కూడా ఆగింది, క్లచ్ విప్పే పని తప్పింది. ఇప్పుడు చైన్ దగ్గరికి వచ్చాం. దుంగ మీద పెడితే పొగ వస్తోంది, మెత్తటి పొడి రాలుతోంది, పైగా నిటారుగా దిగకుండా కోత ఒక పక్కకి వంగిపోతోంది. కొత్త చైన్ కొనడమే మంచిదా?

వడ్రంగి_కోడలు:
ముందు ఒకటి చూడండి, నవ్వకండి, చైన్ తిరగేసి ఎక్కించి లేదు కదా? బార్ పైభాగంలో పళ్ల పదును ముక్కువైపుకి చూడాలి. సెకండ్ హ్యాండ్ రంపాల్లో ఇది తరచుగా జరిగేదే. అది సరిగ్గా ఉంటే మిగిలింది పదునూ ఆయిలూ. చేవ ఉన్న చెక్క మీద పదునున్న చైన్ పొడి కాదు, పెచ్చుల్లాంటి ముక్కలు రాలుస్తుంది, తనంతట తానే దిగుతుంది. మనం పైనుంచి నొక్కాల్సి వస్తే అప్పటికే ఆపేసి పదును పెట్టుకోవాలి.

ఆయిల్ పరీక్ష: బార్ ముక్కుని ఒక తెల్లటి చెక్కకో అట్టకో జానెడు దూరంలో పెట్టి, తాకకుండా, రేస్ చేయండి. సన్నటి నూనె గీత పడాలి. పడకపోతే బార్ వెనక భాగంలో ఉన్న చిన్న రంధ్రం, బార్ గాడి రెండూ పొట్టుతో నిండి ఉంటాయి, తీగతో గీకండి. మీకు వస్తున్న పొగ ఇంజినుది కాదు, ఎండిపోయిన బార్‌ది కావచ్చు. తీసేసిన పాత ఇంజిన్ ఆయిల్ పోయొద్దు, అందులోని ఇనుప రజను పంపుని తినేస్తుంది, నూనె మొత్తం నేల మీదే చిమ్ముతుంది కూడా.

పదునుకి గుండ్రటి ఆకురాయి కావాలి, సైజు పిచ్‌ని బట్టి. పిచ్ అంటే చైన్ లింకుల మధ్య దూరం, అంగుళాల్లో బార్ మీద చెక్కి ఉంటుంది. 0.325 అని ఉంటే 4.8 మిల్లీమీటర్లది, చిన్న రంపాలకి వచ్చే 3/8 "లో-ప్రొఫైల్" (ఎత్తు తక్కువ) చైన్ అయితే 4 మిల్లీమీటర్లది. బార్‌ని వైస్‌లో బిగించి, చైన్ బ్రేక్ వేసి, లోపలి నుంచి బయటికి ఒకే దిశలో తోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. వెనక్కి రుద్దితే ఆకురాయి అరుగుతుంది, పన్ను కాదు. కోణం చాలా చైన్లకి 30 డిగ్రీలు, పన్ను మీద సన్న గీత ఉంటే దాన్నే చూసుకోండి. ఒక పక్కవన్నీ అయ్యాక రెండో పక్క. ప్రతి పన్ను ముందూ ఉండే బుడిపె పన్ను కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందుండాలి. పళ్లు అరిగేకొద్దీ దీన్నీ చదునైన ఆకురాయితో దించాలి. ఎక్కువ దించారో, చైన్ ఒక్కసారిగా కరిచి కిక్‌బ్యాక్ ఇస్తుంది, అంటే రంపం మన మీదికి ఎగురుతుంది.

పొయ్యి కట్టెలు కోసేటప్పుడు దుంగ నేల మీద ఉంటే చైన్ ఒక్క క్షణం మట్టిని తాకినా మీ పదునంతా పోయినట్టే. కోత బల్ల చేసుకోండి, లేదా మూడొంతులు కోసి దుంగని దొర్లించి మిగతాది కోయండి. రెండు చివర్లా ఆనించిన దుంగని నడిమధ్యలో పైనుంచి పూర్తిగా కోస్తే బార్ మీద మూసుకుంటుంది, పైన మూడో వంతు కోసి మిగతాది కింది నుంచి పైకి కోయాలి. చివర గాల్లో వేలాడుతుంటే దానికి తిరగేసి: ముందు కింద మూడో వంతు, తర్వాత పైనుంచి. బార్ ముక్కు పైభాగం మాత్రం దేనికీ తగలనివ్వకండి, రంపం మొహం మీదికి ఎగిరేది అక్కడి నుంచే.

టూస్ట్రోక్_తాత:
కోత వంగడానికి నేను చెప్తాను. ఒక పక్క పళ్లు పొడుగ్గా, పదునుగా ఉండి రెండో పక్కవి పొట్టిగా, మొద్దుగా ఉంటే పదునున్న పక్కకే రంపం లాగుతుంది. కుడిచేతి వాటం వాళ్లకి ఒక పక్క బాగా కుదిరి రెండో పక్క కుదరదు కాబట్టి పాత చైన్లన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. అన్నిటికంటే పొట్టి పన్ను ఏదో వెతికి, మిగతా వాటన్నిటినీ ఆ పొడవుకే తేవాలి. ఓపిక కావాలి, అంతే. పళ్లు 4 మిల్లీమీటర్ల కంటే తక్కువ మిగిలితే అప్పుడు కొత్త చైన్ మాట.

పదును సరిచేసినా వంగితే బార్ చూడండి. చైన్ తీసి బార్‌ని చదునైన గాజు మీద నిలబెడితే నిటారుగా నిలవాలి. ఒక పక్కకి ఒరిగితే గాడి అంచుల్లో ఒకటి ఎక్కువ అరిగింది, చదును ఆకురాయితో రెండూ సమం చేయొచ్చు. అంచుకి బయటికి పొడుచుకొచ్చిన మొన కూడా అప్పుడే తీసేయండి, వేళ్లు కోసుకుంటాయి. ఇకమీదట పదును పెట్టిన ప్రతిసారీ బార్‌ని తిరగేసి బిగించండి, రెండు వైపులా సమంగా అరుగుతుంది. చైన్ బిగువు ఎంతంటే, బార్ కింద వేలాడకూడదు, గ్లవ్స్ వేసుకుని చేత్తో లాగితే తిరగాలి. కొత్త చైన్ అయితే మొదటి ట్యాంకులోనే సాగుతుంది, మధ్యలో ఆపి, చల్లారాక మళ్లీ బిగించుకోండి. వేడి మీద బిగిస్తే చల్లారినప్పుడు బార్‌ని పట్టేస్తుంది.